జూదము – క్రైస్తవ లోకము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



జూదమును గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, ఇతడు భారతములోని ద్యూతఘట్టమును చెప్పి కూర్చుండునని మీలో చాలమంది అనుకొనియుందురు. ఆ కథ మీ రెఱుగనిది కాదు. హరికథలలో విన్నారు, నాటకములలో చూచినారు. మన అలమారలోని కవిత్రయ భారతమును స్వయముగా చదివినవారును ఈ సభలో పదిమందికి తక్కువ లేరు. తెలిసిన కథను మరల చెప్పుటకంటె, అదే జాడ్యమునకు మఱియొక మతమువారు ఏ మందు వేసిరో, ఆ మందు ఎంతవఱకు పని చేసినదో చెప్పుట మేలని నాకు తోచినది. నేను క్రైస్తవుడను గాను. పాస్టరుగారు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు గనుక, నేను పొరపడినచోట వారు నిర్మొగమాటముగా దిద్దవలెనని కోరుచున్నాను.

సహకార సంఘములో ముప్పదియేండ్లుగా లెక్కలు వ్రాయుచున్నవాడను. జూదమును గూర్చి నాకు తెలిసినదంతయు రెండు తావుల నుండి వచ్చినది. ఒకటి పుస్తకములు, రెండవది బాకీల ఆవర్జా. ఆవర్జాలో జూదమను పద్దు ఎక్కడను కానరాదు. ఎరువుల కొరకు, గేదె కొరకు, పిల్లల చదువు కొరకు అని యుండును. ఎరువు పొలమునకు చేరదు, గేదె దొడ్డికి రాదు, వాయిదా తేదీ మాత్రము వచ్చును. అప్పుడు ఇల్లాలు మెడలోనిది తీసి తాకట్టునకు తెచ్చును. ఆ నాడు గాని అసలు సంగతి బయటపడదు.

ముందుగా చిన్న లెక్క యొకటి చెప్పెదను. 100 మంది తలకు 10 రూపాయల చొప్పున 1,000 రూపాయలు ఒకచోట పెట్టిరనుకొనుడు. ఆట నడపువాడు 400 తన ఖర్చులకును లాభమునకును ఉంచుకొని, 600 బహుమానములుగా పంచిపెట్టెననుకొనుడు. గెలిచినవారు ఊరకుందురా? ఆ 600 రూపాయలను మరల ఆటలో పెట్టుదురు. ఈ మాఱు 360 తిరిగి వచ్చును. ఆ తరువాత 216. అయిదవ ఆట ముగియునప్పటికి ఆ 100 మంది చేతులలోను కలిపి మిగులునది 78 రూపాయలకు లోపే. ఈ నడుమ ఎవడు గెలిచెను, ఎవడు ఓడెను అనునది లెక్కకు సంబంధించినది కాదు. నేడు ఆ డబ్బును ఒకచోట చేర్చుటకు రచ్చబండ కూడ అక్కఱలేదు, చేతిలోని ఫోను చాలును. మన రాష్ట్రప్రభుత్వము 2020లో ఆన్‌లైన్ జూదమును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడు ఆన్‌లైన్ ఆటలనన్నిటిని నిషేధించుచు చట్టము చేసినది. సంతోషమే. కాని చట్టమునకు ముందు చేసిన బాకీలు చట్టము వచ్చిన మఱునాడు మాయము కాలేదు.

ఇక ప్రస్తుతాంశము. జూదమాడవద్దని సూటిగా శాసించు వాక్యము బైబిలులో లేదు. ఇది వినువారికి వింతగా నుండును. పైగా చీట్లు వేసి దైవసంకల్పము తెలిసికొనుట అందు పలుచోట్ల కనబడును. ద్రోహియైన యూదా స్థానమున మత్తీయను అపొస్తలునిగా ఎంచుకొన్నది చీట్లు వేసియే. కాని పందెము కొఱకు చీట్లు వేసిన ఘట్టము క్రైస్తవులెవ్వరును మఱవలేనిది ఒకటి కలదు. ఏసును సిలువ వేసిన సైనికులు ఆయన వస్త్రములను పంచుకొనిరి. లోపలి అంగీ కుట్టులేక పైనుండి క్రిందివఱకు ఏకముగా నేయబడినది. చింపిన పనికిరాదని దానికై చీట్లు వేసికొనిరి. పైన ఒకడు ప్రాణములు విడుచుచుండగా క్రింద ఆట సాగుచున్నది. కురుసభలోను ఆట ముగిసినవెంటనే చేయి వేసినది ఒక స్త్రీ వస్త్రము మీదనే. ఈ రెండు గ్రంథములకును ఒకదానితో నొకటికి సంబంధము లేదు. అయినను రెండింటిలోను ఆటగాని కన్నులకు ఎదుటి మనుష్యుడు కనబడడు, ఒంటిమీది గుడ్డ కనబడును.

తొలినాటి క్రైస్తవ సంఘములు నిషేధమునే నమ్ముకొనినవి. క్రీ. శ. నాలుగవ శతాబ్దపు ప్రారంభమున స్పెయిను దేశములోని ఎల్వీరా పట్టణమందు బిషప్పులు సమావేశమై, డబ్బు పెట్టి పాచికలాడు విశ్వాసిని ప్రభుభోజనమునకు రానీయరాదనియు, మానుకొన్నచో ఒక సంవత్సరము గడచిన పిదప మరల చేర్చుకొనవచ్చుననియు నియమము చేసిరి. ఆ ఒక్క సంవత్సరము గడువు నాకు నచ్చినది. వెలివేసిరి, కాని తలుపునకు తాళము వేయలేదు. 1215లో రోము నగరమున జరిగిన లాటెరన్ మహాసభ, గురువులు పాచికలాడరాదనియు, ఆడుచోట నిలువరాదనియు చెప్పినది. తొమ్మిది వందల యేండ్ల తరువాతను గురువులకే ఈ మాట చెప్పవలసి వచ్చినదనగా, మొదటి నిషేధము ఎంత బాగుగా పని చేసినదో మీరే యూహింపుడు.

పదునైదవ శతాబ్దమున ఇటలీలో సియెనా బెర్నార్డినో అను సన్యాసి ఊరూర సంతలలో ఉపన్యసించువాడు. విన్న జనులు పాచికలు, పేకముక్కలు, పలకలు తెచ్చి కుప్పవేసి తగులబెట్టెడివారు. 1424లో బొలోన్యా నగరమున ఇట్టి మంట వేసినప్పుడు, పేకముక్కలు చిత్రించి బ్రదుకు చిత్రకారు డొకడు వచ్చి, స్వామీ, నా పొట్ట కొట్టితిరే యని మొఱపెట్టెనని చెప్పుకొందురు. బెర్నార్డినో ఒక పలక తీసికొని, సూర్యకిరణముల నడుమ ఏసు నామాక్షరములను గీసి చూపి, ఇది చిత్రించి అమ్ముకొమ్మనెనట. ఆ పలకలు పేకముక్కలకంటె ఎక్కువగా అమ్ముడుపోయినవట. కథలో నిజమెంతయో గాని, చెప్పినవానికి లోకజ్ఞానమున్నది. మన కోళ్ల బరుల చుట్టును బ్రదుకువారు ఎందఱు లేరు? కత్తులు కట్టువాడు, పందిరి వేయువాడు, పలహారములమ్ము ముసలమ్మ. మంట వేయువాడు వీరి మాటయు యోచింపవలెను గదా.

ఇప్పుడొక జూదరి కథ. నాకు ఈ విషయమంతటిలో ప్రియమైనది ఇదే గనుక కొంత నిలిచి చెప్పెదను.

కమిల్లస్ డి లెల్లిస్ 1550లో నేపుల్సు రాజ్యములోని ఒక పల్లెలో పుట్టెను. తండ్రి సైనికుడు, జూదరి. కొడుకును అదే దారి పట్టెను. ఆఱడుగులు దాటిన పొడగరి, కోపిష్ఠి, కాలిమీద మానని పుండు. రోములోని సెయింట్ జేమ్సు వైద్యశాలలో చికిత్సకై చేరి, అక్కడనే పనివాడుగా కుదిరి, జూదముచేతను తగవులచేతను వెళ్లగొట్టబడెను. 1574లో నేపుల్సులో సమస్తమును ఓడెను. ఒంటిమీది చొక్కా కూడ పోయినదందురు. మాన్‌ఫ్రెదోనియా అను ఊరిలో కపూచిన్ సన్యాసులు మఠము కట్టుచుండగా అక్కడ కూలిపనికి కుదిరెను. 1575లో ఆ మఠపు పెద్ద చెప్పిన మాటలు మనస్సులో నాటి, దారిలో గాడిదపై నుండి దిగి మోకాళ్లమీద పడి ఏడ్చెనట. సన్యాసులలో చేరబోగా కాలిపుండు మానలేదని త్రిప్పి పంపిరి. తిరిగి తిరిగి తన్ను వెళ్లగొట్టిన ఆ వైద్యశాలకే పోయెను. ఈ మాఱు రోగుల పరిచర్యలో దిగి, క్రమముగా ఆ వైద్యశాల పెత్తనము వహించెను. ఆ కాలమున వైద్యశాల పరిచారకులనగా కూలికి వచ్చినవారు. రోగి చచ్చుచున్నను తిరిగి చూచెడివారు కారు. కమిల్లస్ రోగిసేవయే వ్రతముగా గల మనుష్యులను కూర్చెను. ఆ సంఘమును 1586లో పోపు అంగీకరించెను. మశూచి వచ్చినను, మహమ్మారి వచ్చినను ప్రాణమునకు తెగించి రోగిని విడువమని వారి ప్రతిజ్ఞ. నల్లని నిలువుటంగీమీద ఎఱ్ఱని సిలువ వారి గుర్తు. ఆయన 1614లో మరణించెను. 1746లో పునీతుడుగా ప్రకటింపబడెను.

ఇది చదివినప్పుడు నాకు మృచ్ఛకటికములోని సంవాహకుడు జ్ఞప్తికి వచ్చెను. ఒళ్లు పిసికి బ్రదుకు ఆ బీదవాడు పది సువర్ణములు ఓడి, ఇయ్యలేక పారిపోయి, పాడుగుడిలో విగ్రహమువలె కదలక నిలుచుండును. తరుముకొని వచ్చినవారు పోల్చుకొని, అతని యెదుటనే కూర్చుండి పాచికలు వేయుదురు. ఆ చప్పుడు విని విగ్రహము ఊరకుండలేకపోయినది! దేహమును దాచుకొన్నాడు గాని చెవులను దాచుకొనలేకపోయెను. తుదకు వసంతసేన తన కడియము నిచ్చి అప్పు తీర్చగా, అతడు బౌద్ధభిక్షువగును. తరువాత పూదోటలో ప్రాణము పోయినట్లు పడియున్న ఆ వసంతసేనను బ్రదికించువాడును అతడే. శూద్రకుడు నాటకమున కల్పించినదానిని కమిల్లస్ బ్రదుకున చేసి చూపెను. ఇద్దఱి కథలోను ఒక సంగతి సమానము. జూదమును విడిచి ఊరకుండుమని వారికి ఎవ్వరును చెప్పలేదు. రాత్రింబగళ్లు సరిపోవు పని మఱియొకటి దొరకినది.

ఇంగ్లండులో జరిగినది వేఱు రీతి. అక్కడ జూదము నడిపినది ప్రభుత్వమే. 1753లో బ్రిటిష్ మ్యూజియమును స్థాపించుటకు పార్లమెంటు లాటరీ పెట్టినది. టిక్కెట్లు 1,00,000, ఒక్కొక్కటి 3 పౌనులు. 3,00,000 పౌనులలో 2,00,000 బహుమానములు. మిగిలినదానిలో 95,000 పౌనుల చిల్లర మ్యూజియమునకు చేరినది. లోకమందలి మహా గ్రంథాలయములలో ఒకదానికి పునాది ఈ సొమ్ము. గ్రంథాలయ సభలో ఈ మాట దాచుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాను. ఆ లాటరీలోనే నిర్వాహకుడొకడు టిక్కెట్లను దళారులకు చాటుగా అమ్మి, అధిక ధరలకు పోనిచ్చి, తుదకు జరిమానా కట్టినాడనుటయు చెప్పవలెను.

బానిస వ్యాపారమును మాన్పించిన విల్బర్‌ఫోర్సును మీరెఱుగుదురు. ఆయన ఇరువదియొకటవ యేట, 1780లో, పార్లమెంటు సభ్యుడై లండను క్లబ్బులలో జూదమాడెను. ఒక రాత్రి ఆట నడపువాని స్థానమున కూర్చుండి 600 పౌనులు గెలిచెను. ఓడినవారిలో పలువురు తండ్రి ఆస్తి ఇంకను చేతికి రాని యువకులు. ఈయదగిన సొమ్ము వారి కడ లేదు. వారి ముఖములు చూచి ఆయనకు కలిగిన బాధ ఆయన ఆటను మాన్పించినది. ఓడి మానినవారు లోకమున కలరు, గెలిచి మానినవారు అరుదు. ఆయన భక్తిమార్గమున పడినది ఇంకను కొన్ని యేండ్లకు, 1785లో. కాబట్టి మతము చెప్పకమునుపే మనస్సు చెప్పినదనవలెను. తరువాత పార్లమెంటులో లాటరీలను ఎదిరించినవారిలో ఆయనయు ఉండెను. టిక్కెట్టు కొనలేని బీదలు ఏ సంఖ్య వచ్చునోయని బయట చిల్లర పందెములు వేసి చెడిపోవుటను 1808లో పార్లమెంటు విచారణ సంఘము వెల్లడించినది. 1823లో చట్టమై, 1826 అక్టోబరులో తుది లాటరీ తీసిరి. ప్రభుత్వ లాటరీ మరల ఇంగ్లండునకు వచ్చినది 1994లో.

ఇరువదవ శతాబ్దారంభమున క్వేకరు మతస్థుడైన సీబోం రౌన్‌ట్రీ జూదముపై 1905లో వ్యాససంపుటి యొకటి ప్రకటించెను. 1906లో వీథి పందెములను నిషేధించు చట్టము వచ్చినది. ఇందొక పక్షపాతమున్నది. వీథిమూలలో నాలుగు పెన్నీలు పందెము కట్టిన కూలివాడు నేరస్థుడు. గుఱ్ఱపు పందెముల మైదానమున పౌనులు ఒడ్డిన దొర నేరస్థుడు కాడు. మనయూర చెట్టుక్రింద పేకాడువారిని పట్టుకొని పోవుదురు. పట్టణపు క్లబ్బులోని వారిని పట్టుకొని పోయిన వార్త అరుదుగా చదువుదుము. మతము చట్టమును కోరునప్పుడు ఆ చట్టము ఎవరి వీపుమీద పడునో చూచుకొనవలెను.

ఈ మాటను బాగుగా గ్రహించినవాడు గోర్డన్ మూడీ. ఆయన మెథడిస్టు బోధకుడు, జూదమును గూర్చి ఇంగ్లండులోని చర్చీలన్నియు కలిసి పెట్టుకొనిన మండలికి కార్యదర్శి. 1960 చట్టముతో ఇంగ్లండులో పందెముల దుకాణములు బహిరంగముగా తెఱచుకొనినవి. చట్టముతో పోరుట చర్చి పని యని తక్కినవారు తలచుచుండగా, ఓడినవాడు ఎక్కడకు పోవలెను అని ఆయన అడిగెను. అమెరికాలో 1957లో లాస్ ఏంజెలెస్ నగరమున జూదరులే కొందఱు కూడి ఒక సహవాసము ప్రారంభించిరి. తాగుబోతుల సహవాసము ఎట్లో ఇదియు అట్లే. పేర్లు బయటపెట్టుకొనరు, చందా లేదు, మత భేదము లేదు. 1964లో దానిని ఇంగ్లండునకు తెచ్చుటలో మూడీ ముఖ్యుడు. చెఱసాల నుండి వచ్చి ఇల్లు వాకిలి లేని జూదరులకు 1971లో వసతిగృహము ఏర్పడినది. దానికి ఆయన పేరే పెట్టిరి.

ఆ సహవాసములో వారు చేయు పని యొకటి నా వృత్తికి దగ్గఱది. క్రొత్తవాడు కుదురుకొనిన పిదప, అనుభవజ్ఞులు ఇద్దఱు ముగ్గురు వానిని, వాని భార్యను కూర్చుండబెట్టి, ఉన్న బాకీలన్నిటిని ఒక కాగితముమీద వ్రాయింతురు. ఒక్కటియు దాచరాదు. ఎదుటి వరుసలో నెల రాబడి. అందుండి ముందుగా తీయవలసినది ఇంటి ఖర్చు: బియ్యము, అద్దె, పిల్లల ఫీజు. మిగిలినదానిని బాకీదారులందఱికి కొద్ది కొద్దిగా పంచుదురు. పాత అప్పు తీర్చుటకు క్రొత్త అప్పు చేయరాదు. మామగారు వచ్చి ఒక్కసారిగా తీర్చిపోరాదు. ఒక్కసారిగా తీరిన బాకీ జూదరికి గెలుపువలెనే తోచును, మరల ఆడించును. మన ఇండ్లలో జరుగుచున్నది ఇదే గదా! కొడుకు చేసిన అప్పును తండ్రి ఎకరము అమ్మి తీర్చును, ఆఱునెలలకు రెండవ ఎకరము.

ఇచ్చట భారతమునకును వీరికిని ఉన్న భేదమును గుర్తింపవలెను. వనవాసమున బృహదశ్వుడు ధర్మరాజునకు నలుని కథ చెప్పి, అక్షహృదయము ఉపదేశించెను. ఋతుపర్ణుని వలన నలుడును అదే నేర్చెను. అనగా నేర్పు చాలక ఓడితివి, నేర్పు సంపాదింపుమని. నేటి ఫోను ఆటల ప్రకటనలు కూడ ఇది నైపుణ్యపు ఆట, అదృష్టపు ఆట కాదని చెప్పుకొన్నవి. ఈ జూదరుల సహవాసములో తొలి మెట్టు దానికి విరుద్ధము: ఆటముందు నాకు బలము లేదని ఒప్పుకొనుట. భారతము నాకు ప్రాణము. అయినను ఈ ఒక్క విషయమున మన పల్లెకు పనికివచ్చునది ఈ రెండవ మందే యని నా యభిప్రాయము.

క్రైస్తవులందఱు ఒక్క మాటమీద ఉన్నారనుకొనరాదు. కతోలికులు ఆటను పాపమనరు. తనకును తనవారికిని కావలసిన జీవనాధారమును పోగొట్టునప్పుడే అది అధర్మమగునని వారి ధర్మోపదేశ గ్రంథము చెప్పును. అమెరికాలో వారి చర్చి మందిరములలోనే డబ్బుపెట్టి బింగో ఆడింతురు. క్వేకరులు, మెథడిస్టులు, సాల్వేషన్ ఆర్మీవారు కఠినులు. మన దేశములో మేఘాలయ ప్రజలలో ముప్పాతిక మంది క్రైస్తవులు. అక్కడ బాణములు వేసి ఎన్ని తగిలినవో లెక్కించి పందెము కట్టు తీర్ అను ఆట చట్టబద్ధముగానే సాగుచున్నది. అయినను 2021లో జూదశాలలకు దారితీయు చట్టము వచ్చినప్పుడు అక్కడి చర్చి పెద్దలు గట్టిగా ఎదిరించిరి; 2022లో ఆ ప్రభుత్వము చట్టమును ఉపసంహరింతునని ప్రకటించినది.

డబ్బు పుచ్చుకొనుట యను చిక్కు ఇంకొకటి కలదు. 2003 తొలిదినములలో పత్రికలలో వచ్చిన సంగతి ఇది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు నేపుల్స్ పట్టణమున లాటరీ గెలిచిన యొకడు అక్కడి సాల్వేషన్ ఆర్మీకి 1,00,000 డాలర్లు విరాళమిచ్చెను. అధికారి ఆ చెక్కును త్రిప్పి పంపెను. జూదముచేత ఇండ్లు పోగొట్టుకొను కుటుంబములకు ఓదార్పు చెప్పుచున్న మేము ఈ సొమ్ము పుచ్చుకొనజాలమని ఆయన హేతువు. ఇచ్చినవానికి మనస్సు నొచ్చినది. తక్కిన ధర్మసంస్థలు సంతోషముగా పుచ్చుకొనినవి. అదే కాలమున ఇంగ్లండులో పాత చర్చీల పైకప్పులు లాటరీ నిధులతో బాగుపడుచుండెను. ఎవరిది ఒప్పు? డబ్బునకు వాసన లేదని ఒక పక్షము. లెక్కలు వ్రాయువాడను గనుక నేను వేఱుగా అడుగుదును: ఈ జమకు ఎదురు ఖర్చు ఎవరి పుస్తకములో పడినది?

ఈ ప్రశ్న ఊరక అడుగలేదు. మన గ్రంథాలయమునకు చదువుగది కట్టుచున్నాము. సంక్రాంతి కోళ్ల బరి ఆదాయమునుండి 2,00,000 రూపాయలు ఇత్తుమని బరి నడపువారు కార్యవర్గమునకు చెప్పియున్నారు. వారు మనవారే, ఇచ్చు మనస్సును నేను తప్పుపట్టను. బ్రిటిష్ మ్యూజియము మాట ఎత్తి, అంతటివారికి లేని పట్టింపు మనకేలయని వారు అడిగినను అడుగవచ్చును. కాని ఆ మ్యూజియమునకు టిక్కెట్లు కొన్నవారెవరో అక్కడి గ్రంథపాలకు డెఱుగడు. నే నెఱుగుదును. గతేడు సంక్రాంతి వెళ్లిన నెలలో మా సంఘములో పడిన క్రొత్త బాకీలు నా చేతివ్రాతలోనే యున్నవి. వారిలో నలుగురు ఇచ్చట సభ్యులు. ఆ ఇండ్ల పిల్లలే సాయంకాలము మన బల్లల చుట్టు కూర్చుండి చదువువారు. ఈ 2,00,000 రూపాయలు ఇచ్చువారు బరివారు కారు, ఆ ఇండ్లవారు. అడుగకుండ వారి కడ పుచ్చుకొని, వారి పిల్లలకు గది కట్టితిమని ఫలకము వేయలేను.

పుచ్చుకొనవద్దని నా మాట. ఎల్లుండి సర్వసభ్య సమావేశములో అధ్యక్షులవారు ఓటు తీయుదురు. భిన్నాభిప్రాయము కలవారు నిస్సంకోచముగా చెప్పుదురుగాక. గది పైకప్పునకు ఇంకను 1,40,000 రూపాయలు తక్కువగా నున్నవి. చందాదారులు 280 మంది. తలకు 500 చొప్పున, పంట చేతికి వచ్చిన పిదప రెండు వాయిదాలలో ఇయ్యవచ్చును. ఇయ్యలేనివారి వంతు మేము కొందఱము పంచుకొందుము. బాకీల చిక్కులో నున్నవారెవరైనను రాత్రి ఎనిమిది గంటల తరువాత, భార్యాసమేతముగా, మా ఇంటికి వచ్చినచో కాగితము, కలము నా యొద్ద సిద్ధముగా నుండును. విన్న మాట గడప దాటదు. రసీదు పుస్తకము ద్వారము కడ బల్లమీద నున్నది. మొదటి రసీదు ఈ ప్రొద్దున నేను పుచ్చుకొంటిని.